ట్యూబు డబ్బా, నాయనమ్మ పండ్లు

జులై 1, మంగళవారం

ఉదయం 9. కొత్త డైరీ! స్టీలు గిన్నెల కంపెనీ వాళ్లు జనవరిలో మా బాపు దుకాణానికి ఇచ్చింది. ఆరు నెలల పేజీలు ఖాళీగా పోయాయి. పోనీ. జీవితం జులైలో కూడా మొదలవుతుంది.

నిర్ణయం: ఈ నెల 23 లోపు ఒక మంచి ట్యూబు ప్రీఆంప్ ఎంచుకోవాలి, కొనాలి, దాంతో నాయనమ్మ పాటలు రికార్డు చేయాలి. అంతే. ఇందులో కష్టమేముంది?

23 ఎందుకంటే, ఆ రోజు నాయనమ్మకు మిగిలిన పళ్లన్నీ పీకేస్తున్నారు. చిగుళ్లు వాస్తున్నాయి, వెంటనే పీకాలన్నాడు డాక్టరు. "నా మనుమడు పాట రికార్డు జేస్తడట, గప్పటిదాక ఆగు సారూ" అని నాయనమ్మే గడువు అడిగింది. అంటే ఆ నొప్పి భరిస్తున్నది నాకోసం.

మా నాయనమ్మ నాగమణమ్మ గురించి మొఘల్‌పురాలో ఎవరినైనా అడగండి. పెళ్లిళ్లలో వియ్యాలవారిని ఎత్తిపొడుస్తూ ఆడవాళ్లు పాడుకునే పాటలున్నాయే, వాటిలో ఈమెను గెలిచినవాళ్లు లేరు. ఎదుటివాళ్ల పేరు, ఊరు, ముక్కు, నడక చూసి అక్కడికక్కడే కట్టి పాడేస్తుంది. పాడించుకున్నవాళ్లే పడీ పడీ నవ్వుతారు. శ్రావణంలో మా చెల్లి అనూహ్య పెళ్లి. నాయనమ్మ పాట లేకుండా అది పెళ్లి ఎలా అవుతుంది?

కానీ మొన్న నాయనమ్మ తేల్చి చెప్పేసింది. "పండ్లు వోయినంక నేను నలుగుట్ల నోరు తెరువ. బోసి నోటితోని పాటేంది, నవ్వులపాలు!" (మా ఇంట్లో పళ్లను పండ్లే అంటాం.) అనూహ్య అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. అప్పుడు నేను ఛాతీ విరిచి లేచాను. "ఫికర్ జెయ్యకు. ముందే రికార్డు జేసి పెండ్లిల పెద్ద స్పీకర్ల వినిపిస్త!" చెల్లి వచ్చి నా ప్లేటులో తన అప్పడం వేసింది.

నా దగ్గర మైకుంది, కంప్యూటరుంది, మేడ మీద గది ఉంది. గోడలకు పాత పరుపులు కొట్టించి దానికి స్టూడియో అని పేరు పెట్టాను. ఇప్పటిదాకా అక్కడ రికార్డయినవి: ఉల్లిగడ్డల ఆటో కేక, పాత ఇనుము కేక, ఒక కోచింగ్ సెంటర్ ప్రకటన. వాటికి ఏ డబ్బా అయినా చాలు. నాయనమ్మ గొంతుకు చాలదు. మైకులోంచి వచ్చే సన్నటి శబ్దాన్ని పెంచి పంపే పెట్టె పేరే ప్రీఆంప్. అందులో పాత రేడియోల్లో లాంటి గాజు ట్యూబు ఉంటే గొంతు నిండుగా, వెచ్చగా వస్తుంది. అది లేకుండా ఆ గొంతును పట్టుకుంటే పాపం చుట్టుకుంటుంది.

నియమాలు:
1. మూడు డబ్బాలు మాత్రమే చూడాలి.
2. రోజుకు ఒక్క వీడియో.
3. ఎంచుకున్నాక మనసు మార్చుకోకూడదు.

జులై 2, బుధవారం

మూడూ తేలాయి! వెండి డబ్బా, నల్ల డబ్బా, పచ్చ డబ్బా. అసలు పేర్లు రాస్తే మళ్లీ వెతకబుద్ధవుతుంది, అందుకే రంగులు.

ఒక కొత్త సంగతి తెలిసింది. కొన్ని డబ్బాల్లో ట్యూబు ఉంటుంది గానీ దానికి సరిపడా కరెంటు అందదట. దాన్ని పస్తులుంచి, కింద ఒక నారింజ బల్బు వెలిగించి, చూడు ఎంత వేడిగా ఉందో అని అమ్మేస్తారట. ఎంత మోసం! అలాంటిది మా ఇంట్లోకి రానివ్వను.

వీడియోలు: 1. (ఒక పెద్దాయన గంటన్నర మాట్లాడాడు. గంటన్నరైనా అది ఒక్కటే.)

జులై 3, గురువారం

నాయనమ్మకు అంతా వివరించాను. వినేవాళ్లకు కూడా తెలియాలి కదా.

"గీ డబ్బ ఎందుకురా? నేను పాడుత, నువ్వు పట్టుకో" అంది.

"అట్ల గాదు నాయనమ్మా. ఇప్పుడు పట్టుకుంటే గొంతు సల్లగ, సప్పగ వస్తది. మనకు గరం కావాలె. గరం గొంతు!"

"నా గొంతు సల్లగున్నదా?"

"మస్తు సల్లగున్నది. ట్యూబు గరమైతెనే రుచి."

ఆమె గొంతు తడుముకుని లేచి వెళ్లింది. అర్థమైందని సంతోషించాను. సాయంత్రం వంటింట్లోంచి మిరియాలు దంచుతున్న చప్పుడు వచ్చింది.

వీడియోలు: 4. పరిశోధన అన్నాక తప్పదు.

జులై 5, శనివారం

కళ్లతో చూసి ఎంచుకుందామని పొద్దున్నే కోఠీ వెళ్లాను. అదే నా తప్పు. పొద్దున్నే.

మొదటి దుకాణంలో, "భాయ్, ట్యూబ్ హై క్యా?" అన్నాను. "హై నా సాబ్!" అని అతను అటక మీది నుంచి నాలుగడుగుల ట్యూబులైటు దించాడు.

"యే నై భాయ్. మైక్ వాలా ట్యూబ్. కాంచ్ కా."

"యే భీ కాంచ్ కాచ్ హై సాబ్" అని వేలితో గాజు మీద టింగుమనిపించి చూపించాడు. తర్వాత చేతులు జోడించాడు. "బోణీ కా టైం హై. ఖాలీ హాత్ నక్కో జావ్."

బోణీ! ఇంకొకడైతే నవ్వి వచ్చేసేవాడు. నేను దుకాణదారు కొడుకుని. మొదటి గిరాకీ వట్టి చేతులతో వెళ్లిపోతే ఆ రోజంతా గల్లాపెట్టె ముందు బాపు మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒకాయన పొద్దున ఎనిమిదింటికి గంట సేపు ప్రెషర్ కుక్కర్లు తిప్పి తిప్పి చూసి వెళ్లిపోతే, ఆ అపశకునం పోవాలని బాపు గుమ్మంలో నీళ్లు చల్లించాడు. ఆ దుకాణంవాడి చేత నా వెనకాల నీళ్లు చల్లించుకోలేను.

వెళ్లింది ట్యూబు కోసం. వచ్చిందీ ట్యూబుతోనే. బస్సులో దాన్ని నిలబెట్టి పట్టుకొచ్చాను. బాపు చాలా మెచ్చుకున్నాడు, మెట్ల దగ్గర లైటు పోయి నెలయిందట.

జులై 8, మంగళవారం

శుభవార్త! ఉప్పుగూడ ప్రేమ్‌రాజ్ తన వెండి డబ్బా రెండు రోజులు ఇస్తానన్నాడు. ప్రేమ్‌రాజ్ చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, ఇంట్లో భక్తిపాటల స్టూడియో నడుపుతాడు. నా స్నేహితుల్లో పనిచేసే స్టూడియో ఉన్నవాడు అతనొక్కడే.

మధ్యాహ్నం 3. డబ్బా వచ్చింది. స్విచ్చి వేశాం. లోపల ఎర్రగా వెలిగింది. నిజంగా ఏడుపొచ్చింది.

3.30. నాయనమ్మ పైకి వచ్చింది. నీలం అంచు చీర కట్టుకుంది, పూలు పెట్టుకుంది. రికార్డింగుకు మొహం కనపడదని చెప్పినా వినలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని మైకుకు దండం పెట్టింది.

3.40. జుయ్‌య్‌య్‌య్. చెవుల్లో తేనెటీగ దూరినట్టు ఒకటే మోత. తీగ మార్చాం. ప్లగ్గు మార్చాం. మోత పోలేదు.

"నా దగ్గర గిట్ల రాదు భాయ్" అన్నాడు ప్రేమ్‌రాజ్. "మీ ఇంట్ల ఎర్తింగ్ ఉన్నదా?"

"మా ఇల్లు నిజాం కాలంది. ఎర్తింగ్ సంగతి ఆయన్నే అడగాలె. నీ ట్యూబే ఖరాబైనట్టున్నది."

"నా ట్యూబు ఖరాబా? ముందు నీ చెవులు సూపెట్టుకో!"

పెద్ద లొల్లి. డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. వరంగల్లులో చర్చి కూటాలట, పది రోజులు రాడట. పోతే పోనీ. వెండిది రద్దు. మోత పెట్టే డబ్బాతో నాకు పనిలేదు.

నాయనమ్మ ఇంకా కుర్చీలోనే ఉంది. "ఏమాయెరా? గరం గాలేదా?" అంది.

నేను తీగలు చుడుతున్నాను. "ఇంక మస్తు గరం గావాలె నాయనమ్మా" అన్నాను. సరే అని మెల్లగా మెట్లు దిగింది.

జులై 10, గురువారం

వెండిది లేదు కాబట్టి రెండే మిగిలాయి. సగం పని అయినట్టే! నల్లదా, పచ్చదా?

నల్లదాంట్లో గొంతు తియ్యగా ఉంటుందట. పచ్చదాంట్లో నిజాయితీగా ఉంటుందట. నాయనమ్మ గొంతు తియ్యగా ఉండాలా, నిజాయితీగా ఉండాలా? అనూహ్యను అడిగాను. "నాయనమ్మ లెక్క ఉండాలె" అంది. ఇలాంటి జవాబులతో ఏ డబ్బా కొనాలి?

ఇల్లంతా సొంఠి వాసన. వానాకాలం కదా.

జులై 12, శనివారం

నిన్న నల్లది ఆర్డరు పెట్టాను. మొదటి అడుగు! పార్టీ! ఒక మలై సమోసా, ఇరానీ చాయ్.

ఈ రోజు రద్దు చేశాను. ఆ డబ్బా అమ్మే పేజీలో కింద ఒకాయన రాశాడు, వేడెక్కాక వాసన వస్తుందని. ఆయన ఏ దేశంలో ఉంటాడో, అక్కడేం వాసనో. అయినా అనుమానంతో ఎలా కొంటాం?

పచ్చది ఆర్డరు పెట్టబోతుంటే బాపు అన్నాడు, "ఆషాఢంల కొత్త సామాను ఎవరన్న ఇంట్లకు తెస్తరారా?"

ఈ మాట అన్న మనిషి అప్పుడే దుకాణం ముందు బ్యానరు కట్టించి వస్తున్నాడు. 'ఆషాఢం బంపర్ తగ్గింపు'. అదే అడిగాను.

"గది గిరాకీలకు. ఇంట్లకు గాదు."

పెద్దల మాట కాదనకూడదు. నాలుగు రోజులు ఆగుతాను. ఈలోపు పచ్చదాని గురించి ఇంకొంచెం చదవొచ్చు కూడా.

జులై 15, మంగళవారం

ఘోరం.

మధ్యాహ్నం గదిలో ఊరికే మైకు పెట్టి పరీక్షిస్తున్నాను. ప్రేమ్‌రాజ్ డబ్బా లేదు, ఏ డబ్బా లేదు, పాత తీగ ఒక్కటే. అయినా జుయ్‌య్‌య్‌య్! అదే మోత. అదే తేనెటీగ.

ఆగింది. మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది. ట్యూబు చెడిపోతే ఇలా గుక్క తిప్పుకుంటుందా?

మెట్లు దిగి దుకాణంలోకి వెళ్లాను. బాపు కళ్లజోడు ముక్కు కొసకు దించుకుని, పేర్లు చెక్కే మిషను పట్టుకుని కూర్చున్నాడు. ఒక గంగాళం మీద చెక్కుతున్నాడు. 'చి.ల.సౌ. అనూహ్య'. పక్కన ఇంకా చెక్కాల్సిన పెళ్లి గిన్నెలు గుట్టగా ఉన్నాయి.

"బాపూ, వారం కింద మంగళవారం మూడున్నరకు ఏం జేస్తుంటివి?"

"గదే జేస్తున్న. బిడ్డ పెండ్లి సామాను మీద పేరు నేను గాక ఎవరు చెక్కాలె?"

మా ఇంటికంతా ఒకటే కరెంటు లైను. కింద మిషను ఆడితే పైన మైకు మోగుతుంది. పుట్టినప్పటి నుంచి ఆ మోత వింటూ పెరిగాను. అన్నం తిన్నది, పరీక్షలకు చదివింది, నిద్రపోయింది దాని మధ్యే. దాన్ని పట్టుకుని ప్రేమ్‌రాజ్ ట్యూబు ఖరాబన్నాను!

ఫోన్ చేశాను. ఎత్తలేదు. క్షమించమని వాయిస్ మెసేజ్ పెట్టాను. వెనకాల జుయ్‌య్‌మంటోంది. అదే నయం, సాక్ష్యం కూడా దాంతోనే వెళ్లింది.

జులై 18, శుక్రవారం

నాయనమ్మ కుడి దవడ వాచింది. అన్నం మెత్తగా పిసికి, ఒక పక్కకే నములుతోంది. అమ్మ నాతో మాట్లాడడం లేదు. "ఆమె నీ కోసమే ఆగుతున్నది, నువ్వు దేని కోసం ఆగుతున్నవ్?" అని ఒక్కసారి అడిగింది.

ప్రేమ్‌రాజ్ సోమవారం వస్తున్నాడు. నవ్వుతున్న బొమ్మ పంపాడు, డబ్బా తెస్తానన్నాడు. మంచివాడు. వెండిదే! వెండిదే మంచిది, మొదటి నుంచీ నా మనసు చెబుతూనే ఉంది.

జులై 20, ఆదివారం

బోనాలు. నాలుగు దిక్కులా డీజేలు. మైకు దగ్గరికి వెళ్లడమే దండగ. గది కిటికీ అద్దాలు లయగా వణుకుతున్నాయి.

నాయనమ్మ అరుగు మీద కూర్చుని పోతరాజులను చూసింది గానీ ఒక్క మాటా మాట్లాడలేదు. గొంతు దాచుకుంటోందనుకున్నాను. పెద్ద కళాకారులు అలాగే చేస్తారు.

జులై 21, సోమవారం

రాయబుద్ధి కావడం లేదు. రాస్తాను.

అంతా సిద్ధం. ప్రేమ్‌రాజ్ వచ్చాడు. డబ్బా వచ్చింది. బాపు మిషను ప్లగ్గు తీసి జేబులో పెట్టుకున్నాడు. ట్యూబును అరగంట వేడెక్కనిచ్చాం. చెవిలో ఒక్క ఈగ కూడా లేదు. ప్రేమ్‌రాజ్ దగ్గితే ఆ దగ్గు కూడా పట్టుచీరలా ఉంది.

నాయనమ్మ కూర్చుంది. అదే నీలం అంచు చీర. నేను వేలు చూపించాను. నోరు తెరిచింది.

గాలి వచ్చింది. గాలీ, గరగరా. మళ్లీ ప్రయత్నించింది. మెడ నరాలు ఉబ్బాయి. ఇసుక మీద చెప్పులు ఈడ్చినట్టుగా ఒక్క ముక్క వచ్చి ఆగిపోయింది.

"ఏమైంది నాయనమ్మా?"

ఆమె గుసగుసగా అంది. "గింత గరం సాలదారా? దినాం మూడుసార్లు తాగిన. సొంఠి, మిరియాలు, పిప్పళ్లు. మంటకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. నువ్వు ఇంక మస్తు గరం గావాలె అంటివి గద, ఇంకింత ఎక్కువ ఏసుకున్న."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చోవడానికి చోటు వెతుక్కున్నాను.

"నీ గొంతు గాదు నాయనమ్మా. ట్యూబు. గరం గావాల్సింది ట్యూబు."

ఆమె డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది. "మరి నా గొంతు సల్లగున్నదంటివి?"

ప్రేమ్‌రాజ్ తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. మూడు వారాలుగా ఆ మిరియాల వాసన నా ముక్కుకు తగులుతూనే ఉంది. పచ్చడబ్బా గురించి చదువుతూ ఆ వాసన పీల్చాను. నా అంత గాడిద మొఘల్‌పురాలో లేడు, బహదూర్‌పురా జూలో కూడా దొరకడు.

సాయంత్రం గొంతు డాక్టరు చూశాడు. ఐదు రోజులు మాట్లాడకూడదన్నాడు. పళ్ల డాక్టరేమో చీము పడుతోంది, ఒక్క రోజు కూడా జరపనన్నాడు.

జులై 23, బుధవారం

పీకేశారు.

జులై 27, ఆదివారం

నాయనమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని తిరుగుతోంది. గొంతు బాగయిందని డాక్టరన్నాడు. అయినా మాట్లాడదు. కావలసింది వేలితో చూపిస్తుంది. పక్కింటివాళ్లు పలకరించడానికి వస్తే గోడ వైపు తిరిగి పడుకుంది. మా ఇంట్లో ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. రికార్డింగుకు ఇంతకంటే మంచి ఇల్లు ఉండదు.

అనూహ్య నన్నేమీ అనలేదు. తిడితే బాగుండును.

మైకు అటకెక్కించాను. స్టూడియోలో ఇప్పుడు పెళ్లి గిన్నెలు ఉన్నాయి. ఈ డైరీ కూడా అక్కడే ఒక బిందెలో పడేస్తాను. నిర్ణయం రద్దు.

జులై 31, గురువారం

బిందెలోంచి తీశాను. ఒక్క సంగతి రాయాలి.

బాపు మేడెక్కి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. "ఎన్ని డబ్బలున్నయిరా నీ లిస్టుల?"

"మూడు."

"ఇయ్యాల ఏది స్టాకుల ఉన్నది?"

"పచ్చది ఒక్కటే. కానీ బాపూ, దాంట్ల..."

ఆయన నా ఫోను తీసుకున్నాడు. కొనేశాడు. మొత్తం కలిపి నాలుగు నిమిషాలు పట్టలేదు. "గిరాకీ ముంగట పది గిన్నెలు పెడితే ఏదీ కొనడు. శ్రావణం వచ్చింది, ఇగ నీకు సాకు లేదు" అని కిందికి దిగిపోయాడు.

ఎవరి గొంతు రికార్డు చేయడానికి కొన్నాడో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆగస్టు 3, ఆదివారం

ఈ రోజు పసుపు దంచడం. బేగంబజార్ నుంచి మగపెళ్లివారి ఆడవాళ్లు ఒక మినీబస్సు నిండా వచ్చారు. పెళ్లికొడుకు మేనత్త కృష్ణమ్మ ముందు దిగింది. ఆమె కూడా పాడుతుందని, ఊరంతా పేరుందని విన్నాం.

ఉదయం 11. పచ్చడబ్బా సరిగ్గా అప్పుడే వచ్చింది. ఒక్క నిమిషం చూసి వద్దామని మేడెక్కాను.

11.10. స్విచ్చి వేశాను. అరగంట వేడెక్కాలి. కూర్చుని దాన్నే చూస్తున్నాను. కింద రోకళ్ల చప్పుడు. తర్వాత కృష్ణమ్మ గొంతు, ఖంగుమని:

"పెండ్లివారింట్లోన పెద్దమ్మ ఏదమ్మ
పండ్లు పెట్టెలొ పెట్టి పండుకున్నాదమ్మ!"

నవ్వులు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట నాయనమ్మ చెవిన పడకూడదనుకున్నాను. ఇంతలో రోకళ్లు ఆగిపోయాయి. నవ్వులూ ఆగాయి. అంతా ఒక్కసారిగా ఎందుకు ఆగిందో తెలియలేదు.

అప్పుడు వినిపించింది.

"పండ్లు లేకున్న నా పలుకు పోలేదమ్మ
పప్పుబువ్వకు పండ్లు పనిలేదు వియ్యమ్మ
ముప్పైరెండున్న మీ ముచ్చటేందోయమ్మ
ముద్ద మింగుడు దప్ప మాట రాదోయమ్మ!"

నాయనమ్మ! మెత్తగా, ఊదినట్టుగా, అంచులన్నీ అరిగిన గొంతు. అయినా నాయనమ్మే! ఇంటి పైకప్పు లేచిపోయేలా అరుపులు. నేను లేచి మెట్ల మీద పరిగెత్తాను. చేతిలో మైకు తీగ ఉంది, దానికి మైకు లేదు. మధ్యలో ఒక గంగాళాన్ని తన్నాను, అది నాకంటే ముందే కిందికి చేరింది.

గుమ్మంలోకి వచ్చేసరికి నాయనమ్మ నడవ మధ్యలో నిలబడి ఉంది. కొంగు నడుముకు దోపుకుంది. మూతికి అడ్డం ఏమీ లేదు. గంగాళం దొర్లిన చప్పుడుకు తిరిగి నన్ను చూసింది. కళ్లు మెరిశాయి. నాకు తెలుసు ఆ చూపు. నా పని అయిపోయిందనుకున్నాను.

"గొంతు గరం జేసేటి డబ్బ దెస్తానని
గల్లిగల్లీ దిరిగె మనుమడోయమ్మ
డబ్బ రానే లేదు పండ్లు ఊడెనమ్మ
మునిమనుమని పెండ్లికి మోగునేమోయమ్మ!"

కృష్ణమ్మ నేల మీద కూర్చుండిపోయి నవ్వింది. పసుపు చేతులతోనే వచ్చి నాయనమ్మను పట్టుకుంది. "నేను ఓడిపోయిన, అత్తా. పండ్లుంటె నన్ను బతకనిస్తుంటివా!" అంది. అనూహ్య నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది, చెంపల నిండా పసుపు. నేనూ ఏడ్చాను. రాయడానికి సిగ్గేం లేదు.

మినీబస్సులో వచ్చిన ప్రతి ఫోనులోనూ ఆ పాట ఉంది. అన్నీ తెప్పించుకుని విన్నాను. పాట కంటే నవ్వులూ చప్పట్లే ఎక్కువ. నాయనమ్మ ఒక మూల ఎక్కడో ఉంది. అన్నిట్లోనూ గుమ్మం దగ్గర తీగ పట్టుకుని నిలబడ్డ ఒక వెర్రివాడు ఉన్నాడు.

ఆగస్టు 4, సోమవారం

ఉదయం 9. కొత్త నిర్ణయం! కొత్త పేజీ!

కట్టుడు పండ్లు దసరాకు పెడతానన్నాడు డాక్టరు. అవి పెట్టాక నిన్నటి గొంతు ఉండదు. పాత గొంతును పోగొట్టాను. ఈ బోసి గొంతును పోగొట్టను. దసరా లోపు పాటలన్నీ రికార్డు చేయాలి.

9.30. మైకు అటక మీంచి దించాను. ఒక చిక్కు. పచ్చడబ్బాతో పాటు ఇంకో ట్యూబు కూడా ఇచ్చారు, వేరే దేశంలో చేసింది. ఏది పెట్టాలి? పళ్లు లేకపోతే ప, ఫ, బ పలికేటప్పుడు మైకు మీద గాలి ఎక్కువ కొడుతుంది. దానికి ఏ ట్యూబు మంచిది? ఎవరో ఒకరు వీడియో చేసే ఉంటారు.

10. నాయనమ్మ పైకి వచ్చి గిన్నెలను పక్కకు జరిపి కూర్చుంది. మామూలు ఇంటి చీరలోనే. "ఏమాయెరా?"

"ఒక్క నిమిషం నాయనమ్మా, గీ ట్యూబు..."

ఆమె ఆగలేదు. మొదలుపెట్టేసింది. నా చేతిలో ఒక ట్యూబు, డబ్బాలో ఒక ట్యూబు. ఉన్నదానితోనే బటన్ నొక్కేశాను.

పాటంతా అయింది. మధ్యలో బయట ఉల్లిగడ్డల ఆటో వెళ్లింది. దాంట్లో గొంతు నాదే. సరే, ఉండనీ.

వింటానంది. హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టాను. మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది. కళ్లు మూసుకుంది. మళ్లీ పెట్టమని వేలితో చూపించింది. మళ్లీ పెట్టాను. మూడోసారి కూడా.

"గీమె ఎవరురా?" అంది.

"నువ్వే నాయనమ్మా."

"నేను గాదు. మా అమ్మ." హెడ్‌ఫోన్లు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "నాకు ఎరుకున్నకాంచి మా అమ్మకు పండ్లు లెవ్వు. గిట్లనే పాడుతుండె. సచ్చిపోయి యాభై ఏండ్లాయె. ఆమె గొంతు మర్చిపోయిన అనుకున్న."

నాలుగోసారి పెట్టాను. వెచ్చగా ఉందో, సల్లగా ఉందో నేను వినలేదు. ఆమె మొహమే చూశాను.

అదీ అయ్యాక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. "మా అమ్మ పాటలు ఇంక మస్తున్నయి. యాదికొచ్చినయి వచ్చినట్టు పాడుత" అంది. మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "గా పండ్ల డాక్టరుకు ఫోన్ జెయ్యి. తొందరేం లేదని జెప్పు."

ఆమెకు లేదు. నాకుంది. రేపు పొద్దున పదింటికి రెండో పాట. ఇదే డబ్బా, ఇదే ట్యూబు, మనసు మార్చుకునేది లేదు.

(నల్లదాని ధర తగ్గిందని ఇప్పుడే మెసేజ్ వచ్చింది. చూడను. పాట అయ్యాక చూస్తాను.)